దొంగ దొరికాడు సరే, ఏ పేజీలో దొరికాడు?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చు, పేజీ ఇస్తే గడగడా చదివేస్తాడు. పుస్తకం మూశాక ఏం జరిగిందని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. మిస్టరీ బొమ్మల పుస్తకాలంటే వాడికి ప్రాణం. కానీ బొమ్మలు చూసేసి, చివరి పేజీ తిప్పి, దొంగెవరో తెలుసుకుని పుస్తకం పక్కన పడేస్తాడు. నాలుగేళ్ల పాప కూడా పక్కనే కూర్చుంటుంది. వాడు జవాబు ముందే చెప్పేస్తే ఏడుపు. ఈ పుస్తకాలు చదువుకు పనికొస్తాయా, కాలక్షేపమేనా? పనికొస్తే ఎలా చదివించాలి?

సమాధానం: పనికొస్తాయి. మీ బాబు ఉన్న దశకు ఇంతకన్నా తగిన పుస్తకాలు తక్కువే. అయితే ఇవి ఏ లోటు తీరుస్తాయో, ఏది తీర్చవో ముందు తేల్చుకోవాలి.

చదివి అర్థం చేసుకోవడం రెండు నైపుణ్యాల లబ్ధం అని ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. అక్షరాలు కూడబలుక్కుని పదంగా పలకగలగడం ఒకటి, భాష విని అర్థం చేసుకోగలగడం రెండోది. ఇది కూడిక కాదు, గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మీ బాబుకు ఎక్కడ తక్కువైందో ఇంట్లోనే చూడొచ్చు. పది పన్నెండు వాక్యాల కథ ఒకటి మీరు చదివి వినిపించి, ఏం జరిగిందో చెప్పమనండి. మర్నాడు అంతే కష్టమున్న ఇంకో కథను తననే చదివి చెప్పమనండి. విన్నది బాగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే, పైకి గడగడా వినిపిస్తున్నా బుర్రంతా అక్షరాల మీదే ఖర్చవుతోందని అర్థం. అప్పుడు రోజూ పది నిమిషాలు తేలిక పాఠం బిగ్గరగా చదివించడమే ముందు చెయ్యాల్సిన పని. రెండూ చెప్పలేకపోతే, వాక్యాలను ఒకదానితో ఒకటి ముడివేసుకోవడంలో ఇబ్బంది ఉంది. మిస్టరీ పుస్తకం బాగా పనిచేసేది ఇక్కడే.

ఎందుకంటే, మామూలు కథలో ఒక వాక్యం జారిపోయినా కథ ముందుకు సాగిపోతుంది, పిల్లవాడికి ఏదో పోయిందన్న సంగతే తెలియదు. మిస్టరీలో జారిపోయిన వాక్యం చివర్లో నిలదీస్తుంది. 'ఇతనే ఎలా అయ్యాడు?' అన్న ప్రశ్న పుట్టి, చెయ్యి దానంతటదే పేజీలు వెనక్కి తిప్పుతుంది. పెద్దవాళ్లు పదిసార్లు చెప్పినా రాని 'వెనక్కి వెళ్లి మళ్లీ చదవడం' అన్న అలవాటు ఇక్కడ అవసరం కొద్దీ వస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఎర్ర గాలిపటం మాయమైంది. బొమ్మలో కిటికీ బయట నేల మీద బురద అడుగులు. చూడగానే ఏ పిల్లవాడైనా 'కిటికీలోంచి దూకి పట్టుకుపోయారు' అంటాడు. బొమ్మ కింద అమ్మమ్మ మాట ఉంది: 'వాన మొదలవకముందే లోపల గడియ పెట్టాను. పొద్దున చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది.' అడుగులు బురదలో పడ్డాయి కాబట్టి వాన తర్వాతివి. గడియ అంతకుముందే పడింది. అంటే అడుగులు ఎవరివైనా కానీ, గాలిపటం పోయింది కిటికీ దారిన కాదు. ఇందులో 'వానకు నేల బురదవుతుంది' అన్నది పుస్తకంలో లేదు, పిల్లవాడు తన అనుభవంలోంచి తెచ్చుకోవాలి. 'ముందే' అన్నది పుస్తకంలో ఉంది, కళ్లతో చదవాలి. ఈ రెండూ కలిపి మూడో సంగతి రాబట్టడమే చదివి అర్థం చేసుకోవడంలో అసలు పని.

పిల్లలు దాటేసేది సరిగ్గా ఇలాంటి చిన్న మాటలనే. ముందే, అప్పటికే, ఇంకా, తప్ప, మాత్రమే, ఎవరూ... లేదు. పేర్లు, వస్తువులు గుర్తుపెట్టుకుంటారు, వీటిని మింగేస్తారు. మిస్టరీ కథలో కేసు నడిచేదే వీటి మీద. క్రియ చివర కూడా క్లూ ఉంటుంది. 'వచ్చాడు' అంటే మగవాడని తేలిపోయింది. 'వచ్చింది' అంటే అమ్మాయి కావచ్చు, పిల్లి కావచ్చు. 'వచ్చారు' అంటే ఒక్కరో ఇద్దరో తేలదు. 'చప్పుడైంది' అని రాస్తే చేసినవాళ్లే కనబడరు. 'ఇక్కడ ఎవరు చేశారో ఎందుకు రాయలేదంటావు?' అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ తర్వాత వాక్యం చివరిదాకా చదవడం మొదలుపెడతాడు.

ఇక పుస్తకం ఎంపిక. సగం పని ఇక్కడే తేలిపోతుంది. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలుంటుంది, కథ పన్నెండు, పద్నాలుగు జోడు పేజీల్లో (తెరిస్తే పక్కపక్కన కనబడే రెండేసి పేజీల్లో) నడుస్తుంది. ఏడేళ్ల పిల్లవాడికి పేజీకి రెండు నుంచి ఐదు వాక్యాలు చాలు. అనుమానితులు ముగ్గురు, మహా అయితే నలుగురు. ఐదుగురు దాటితే ఎవరెవరో గుర్తుపెట్టుకోవడానికే శక్తి సరిపోతుంది, ఆలోచనకు మిగలదు. పుస్తకం తెచ్చాక మీరొక్కరే ముందు చదవండి. మొదట అక్షరాల మీద కాగితం కప్పి, బొమ్మలతోనే జవాబు దొరుకుతుందేమో చూడండి. దొరికితే అది మీ పాపకు మంచి పుస్తకం, బాబుకు చదవాల్సిన అవసరమే రాదు. తర్వాత బొమ్మలు కప్పి అక్షరాలు చదవండి. బాబుకు కావలసింది బొమ్మ ఒక సగం, మాట ఒక సగం చెప్పే పుస్తకం. కనీసం ఒక్క ముఖ్యమైన క్లూ అక్షరాల్లో మాత్రమే ఉండాలి. జవాబు కూడా కథలో కనబడ్డ క్లూల నుంచే రావాలి. చివరి పేజీలో ఇంతకుముందు లేని మనిషి ఊడిపడి 'నేనే తీశాను' అంటే ఆ పుస్తకం పక్కన పెట్టండి. నమ్మి వెతికిన పిల్లవాడికి అది అన్యాయం. బొమ్మలో దాగిన వస్తువులను వెతికే పుస్తకాలు కూడా మిస్టరీ పేరుతో వస్తుంటాయి. అవి కంటికి సరదా, అంతే. వాటిలో ఊహించి తేల్చాల్సింది ఏమీ ఉండదు.

చదవడానికి పుస్తకం ఎంత కష్టమో తెలియాలంటే మధ్యలో ఒక పేజీ చదివించండి. ఇరవై మాటల్లో ఒకటికి మించి ఆగిపోతుంటే ఆ పుస్తకాన్ని మీరే చదివి వినిపించండి, ఆలోచన తనది. అలా చదివినా లాభమే.

చివరి పేజీ తిప్పేసే అలవాటు గురించి కోప్పడకండి. ఏం జరుగుతుందో తెలియకుండా ఉండటం కొందరు పిల్లలకు నిజంగానే ఇబ్బంది. గుట్టు విప్పే చోటు నుంచి చివరిదాకా ఉన్న నాలుగైదు ఆకులను కలిపి పెద్ద క్లిప్పు పెట్టండి. 'నీ సాక్ష్యాలు పూర్తయ్యాక ఇది తెరుద్దాం' అని చెప్పి, చెప్పినట్టే తెరవండి. అయినా ఉండలేకపోతే, ఒకటి రెండు పుస్తకాలు తిరగేసి చదవండి. జవాబు ముందే చూసేసి, 'ఇతనే అని రచయితకు మొదటి నుంచీ తెలుసు, ఎక్కడెక్కడ దాచాడో పట్టుకుందాం' అంటూ మొదటి పేజీకి రండి. ఇది ఓడిపోయినట్టేమీ కాదు. భయస్తులైన పిల్లలకు ఇదే మంచి మొదలు.

మొదటిసారి చదివేటప్పుడు మొత్తం పుస్తకంలో మూడు నాలుగు చోట్లే ఆగండి. ఏది పోయిందో తెలిసిన చోట ఒకసారి, అనుమానితులందరూ కనబడ్డాక ఒకసారి, అప్పటిదాకా అనుకున్నది తలకిందులయ్యే చోట ఒకసారి, క్లిప్పు తీసే ముందు ఒకసారి. ప్రతి పేజీలోనూ ప్రశ్న వేస్తే కథ తెగిపోతుంది, పిల్లవాడు పుస్తకాన్నే తప్పించుకుంటాడు. ఈ పుస్తకాలు ఇంట్లో పనిచెయ్యకపోవడానికి ఎక్కువగా కారణం ఇదే.

ఆగిన చోట అడగాల్సినవి మూడు. ఎవరనుకుంటున్నావు? ఎందుకనుకుంటున్నావు? అది ఏ పేజీలో ఉంది, చూపించు. ఊహించడం, చదవడం, రుజువు చూపడం అన్న ఈ క్రమాన్ని రస్సెల్ స్టాఫర్ అనే విద్యావేత్త 1969లోనే చదువు బోధనకు ఒక పద్ధతిగా రాసి పెట్టాడు. ఇళ్లలో మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు, రెండోది కొందరు అడుగుతారు, మూడోదాన్ని వదిలేస్తారు. నిజానికి చదువు జరిగేది మూడో ప్రశ్నతోనే. 'వాడి ముఖం దొంగలా ఉంది' అని చెప్పిన పిల్లవాడు వేలు పెట్టి చూపించమనగానే తన దగ్గర ఏమీ లేదని తనే గ్రహిస్తాడు, వెనక్కి వెళ్లి చదువుతాడు. మూడో ప్రశ్నకు ఒక చిన్న అడ్డంకి ఉంది. బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి పేజీ నంబర్లుండవు. ముందురోజే జోడు పేజీ మూలన పెన్సిల్‌తో 1, 2, 3 అని వేసి ఉంచండి.

ప్రశ్న వేశాక ఆగండి. తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తున్నాయనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో గమనించింది. ఇంట్లో ఐదు సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే పెద్దవాళ్లకు ఆ మౌనం భరించడం కష్టం.

బాబు మొదటి ఊహలోనే అసలు దొంగను పట్టుకున్నా 'కరెక్ట్!' అనకండి, ముఖంలో కూడా తెలియనివ్వకండి. ఆ మాట పడిన క్షణమే వెతకడం ఆగిపోతుంది. తప్పు చెప్పినా తప్పనకండి. రెండిటికీ ఒకే మాట: 'సరే, రాసుకుందాం. రాబోయే పేజీల్లో దీనికి సరిపడేది దొరుకుతుందేమో చూద్దాం.'

రాసుకోవడానికి ఒక కాగితం మూడు నిలువు గడులుగా గీయండి. ఏం చూశాం లేదా చదివాం, ఏ పేజీ, ఎవరి మీద అనుమానం. పుస్తకానికి ఐదారు వరుసలు మించనివ్వకండి. మొదటి రెండు పుస్తకాలకు బాబు చెబుతుంటే మీరే రాయండి, మూడోదాని నుంచి వరుసకు మూడు నాలుగు మాటలు తనను రాయనివ్వండి, పాప బొమ్మ వేస్తుంది. దస్తూరి, తప్పొప్పులు ఇక్కడ దిద్దొద్దు. దిద్దితే అది హోంవర్క్ అయిపోతుంది. అనుమానం తప్పని తేలితే చెరిపెయ్యకుండా గీత కొట్టండి. కొట్టేసిన గీతలు చాలా విలువైనవి. కొత్త సంగతి తెలిసినప్పుడు అభిప్రాయం మార్చుకోవచ్చని పిల్లవాడికి కంటి ముందు కనబడేది వాటిలోనే.

బొమ్మలు ముందే చూసేసి అక్షరాలు వదిలేస్తాడన్నారు. ఇది మీ బాబు ఒక్కడి సంగతి కాదు. చిన్న పిల్లలు కథ గురించి అడిగితే విన్న మాటలను పక్కనపెట్టి బొమ్మలోంచీ, తమకు ముందే తెలిసినదాంట్లోంచీ జవాబు లాగుతారని ఇసాబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే పరిశోధకులు 2001లో రాశారు. వాళ్లు సూచించిన ఉపాయం తేలికైనది: ముందు మాటలు చదివి, వాటి గురించి మాట్లాడి, ఆ తర్వాతే బొమ్మ చూపించడం. పుస్తకమంతా ఇలా చేస్తే బొమ్మల పుస్తకం అందమే పోతుంది. ముఖ్యమైన క్లూ అక్షరాల్లో ఉన్న రెండు మూడు పేజీల్లో మాత్రం బొమ్మ మీద కాగితం పెట్టి చదివించండి. 'బొమ్మలో ఏముంటుందంటావు?' అని అడిగి, కాగితం తియ్యండి. గాలిపటం కథలో ఇలా చేస్తే గడియ సంగతి ముందే బుర్రలో పడుతుంది, బురద అడుగులు చూసినా తొందరపడడు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కథను ఊహించడం మంచిది, పదాన్ని ఊహించడం మంచిది కాదు. బొమ్మలో కుక్క ఉందని 'నక్క' అని రాసినచోట 'కుక్క' అని చదివితే, 'బొమ్మ చూసి చెప్పు' అనకండి. పదం కింద వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చదివించండి. క్లూలు వెతికే ఉత్సాహంలో పదాలను కూడా బొమ్మ చూసి అందిపుచ్చుకోవడం అలవాటైతే, బొమ్మలు తగ్గే పై తరగతుల్లో ఆ పిల్లవాడు చిక్కుల్లో పడతాడు. ఈ పుస్తకాల వల్ల చెడు జరిగితే అది ఇలాగే.

మొదటిసారి పూర్తయ్యాక పుస్తకం అటక ఎక్కించకండి. జవాబు తెలిశాక చదివే రెండోసారిలోనే ఎక్కువ నేర్చుకుంటారు. ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఉండదు కాబట్టి, ఎలా దాచారన్నది కనబడుతుంది. రెండోరోజు చెయ్యాల్సింది ఇది. మిస్టరీ కథలో రెండు వరుసలుంటాయి. నిజంగా జరిగిన వరుస ఒకటి, మనకు తెలిసిన వరుస ఇంకొకటి. గాలిపటం పోయిందన్నది మనకు మొదట తెలుస్తుంది, కానీ దానికి ముందు చాలా జరిగింది. ఐదు చీటీల మీద ఐదు సంఘటనలు రాసి కలిపేసి, నిజంగా జరిగిన వరుసలో పేర్చమనండి. తర్వాత ఆ చీటీలు చూస్తూ కథ చెప్పించండి. ప్రతి రెండు చీటీల మధ్యా 'ఎందుకంటే', 'అందువల్ల', 'అయినా' లాంటి మాట ఒకటి రావాలన్నది షరతు. పుస్తకం మూశాక నీళ్లు నమిలే పిల్లలకు ఇంతకన్నా సూటిగా పనిచేసే అభ్యాసం ఇంకోటి లేదని మా నమ్మకం. వాళ్లకు సంఘటనలు గుర్తుండకపోవడం కాదు, వాటి మధ్య ముడి దొరకకపోవడమే చిక్కు.

మూడోరోజు గొంతు పని. డిటెక్టివ్ గుట్టు విప్పే పేజీ అరవై, ఎనభై మాటలుంటుంది. దాన్ని మూడు నాలుగుసార్లు బిగ్గరగా చదివించండి. చిన్న భాగాన్ని తడుముకోకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివించే ఈ పద్ధతిని జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో వివరించాడు. మామూలు పాఠాన్ని నాలుగుసార్లు చదవమంటే పిల్లలు విసుక్కుంటారు. 'దొంగ భయపడేలా చదువు', 'అమ్మమ్మకు చెబుతున్నట్టు చదువు' అంటే విసుగుండదు.

పాప విషయం. ఇతరులు తప్పుగా నమ్ముతుండవచ్చన్న ఊహ పిల్లలకు సుమారు నాలుగేళ్లప్పుడు అందడం మొదలవుతుందని 1983లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగం, దాని తర్వాతివీ చూపించాయి. అంతకుముందు, 'నాకు బొమ్మలో కనబడింది, మరి డిటెక్టివ్‌కు ఎందుకు తెలియదు?' అన్నది వాళ్లకు అంతుపట్టదు. మీ పాప సరిగ్గా ఆ గడప మీద ఉంది. తనను అడగాల్సింది దొంగెవరని కాదు. 'ఇది మనకు తెలుసు. కథలో అబ్బాయికి తెలుసా?' అని అడగండి. బొమ్మ క్లూలు పాపవి, అక్షరాల క్లూలు బాబువి అని పంచండి. ఆగిన ప్రతిచోటా ముందు పాపే మాట్లాడాలి, బాబు తన ఊహను చీటీ మీద రాసి మడిచిపెట్టాలి. చెప్పేయాలన్న తహతహ రాతలోకి పోతుంది, ఏడుపూ తప్పుతుంది.

పుస్తకానికి నాలుగైదు కొత్త మాటలు చాలు. అనుమానం, ఆధారం, ఆనవాలు, సాక్షి, నిర్దోషి. వీటిలో అనుమానానికీ ఆధారానికీ తేడా తెలిస్తే మిగిలినవి వాటంతటవే వస్తాయి. ఇంట్లో ఏదైనా కనబడకపోయినప్పుడు ఈ మాటలు వాడండి.

పిల్లలు భయపడేవాళ్లయితే దొంగతనాల కథలకన్నా, పారేసుకున్నవీ, తారుమారైనవీ, జంతువుల చిలిపి పనులూ ఉన్నవి ఎంచుకోండి. పడుకునే ముందు చదివితే మధ్యలో ఆపకుండా ఆ పూటే పూర్తి చెయ్యండి.

ఒక పుస్తకానికి వారం, అందులో మూడు పూటలు, పూటకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ఇంతకు మించొద్దు. మిగతా పుస్తకాలను ప్రశ్నలు లేకుండా హాయిగా చదువుకోనివ్వండి. ఆరేడు పుస్తకాలయ్యేసరికి, మీరు అడగకుండానే పేజీ వెనక్కి తిప్పడం, 'ఇక్కడ రాసి ఉంది చూడు' అనడం కనబడాలి. కథ చెప్పేటప్పుడు 'ఎందుకంటే' దానంతటది రావాలి. ఇవేవీ లేక, చదవడం కూడా తడబాటుగానే ఉంటే టీచర్‌తో మాట్లాడండి, చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి.

మార్పు కనబడ్డాక సొంతంగా ఒక మిస్టరీ రాయించండి. ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గడులొస్తాయి, అవే ఎనిమిది పేజీలు. పిల్లలు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, నాలుగో పేజీకి వచ్చేసరికి దొంగెవరో తేల్చుకోలేక వదిలేస్తారు. అందుకని ముందు ఎనిమిదో గడి నింపించండి: ఎవరు, ఎందుకు తీశారు. తర్వాత నిజమైన క్లూలు రెండు, దారి తప్పించేది ఒకటి అనుకోమనండి. వాటిలో ఒక్కటి మాత్రం బొమ్మలో ఎక్కడా కనబడకూడదు, అక్షరాల్లోనే ఉండాలి. ఆ ఒక్క షరతు పెట్టి, పుస్తకం పూర్తయ్యాక మీరు చదవండి. ఏ పేజీలో పట్టుకున్నారో వాడు మిమ్మల్ని అడుగుతాడు, వేలు పెట్టి చూపించండి.